పెనుకొండలో దిగేవాళ్ళు

మా క్లినిక్కులు మూడు. సోమ, మంగళవారాలు హిందూపురం, బుధ, గురువారాలు ధర్మవరం, శుక్రవారం పెనుకొండ. ఒక ట్రస్టు వాళ్ళు నడుపుతారు. మూడు ఊళ్ళకూ మానసిక వైద్యురాలిని నేనొక్కదాన్నే. కాపురం హిందూపురంలో కాబట్టి మిగతా రెండు ఊళ్ళకూ పొద్దున రైలెక్కి పోయి, పొద్దు గూకే వేళకు ఇల్లు చేరుతుంటాను.

ఆ ట్రస్టు ఆఫీసు నుంచే ఒకరోజు ఫోనొచ్చింది. "ఒక పరిశోధకుణ్ణి పంపుతున్నాం మేడమ్. పేషెంట్లు మధ్యలో ఎందుకు మానేస్తున్నారో, ఏ ఊళ్ళో క్లినిక్ అవసరమో, ఏ ఊళ్ళో అవసరం లేదో చూసి చెబుతాడు. మీరు కాస్త సహకరించాలి" అన్నారు. సహకరించాలి అన్న మాట వినగానే నాకు నీరసం వచ్చింది. ఓపీ రోజున మంచినీళ్ళు తాగడానికే తీరిక దొరకదు. మధ్యలో ఇంకొకాయనకు కుర్చీ వేసి, ఆయన అడిగినవాటికల్లా జవాబులు చెప్పే ఓపిక ఎక్కడుంది?

వచ్చినాయనకు ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. గుడిబండ దగ్గర పల్లె. చదువు బెంగళూరులో. తెలుగులో మొదలుపెట్టిన మాట కన్నడంలోకి జారిపోయేది, తనే గమనించి మళ్ళీ వెనక్కి తెచ్చుకునేవాడు. మొదటిరోజే అడిగాడు:

"మీరు చూసేటప్పుడు నేను లోపల కూర్చోవచ్చా మేడమ్?"

"కూర్చుంటే వాళ్ళు నోరు విప్పరప్పా. వరండాలో కూర్చో. నేను చూసి పంపినాక, ఇష్టముండేవాళ్ళు నీతో మాట్లాడతారు. లేనివాళ్ళను బలవంతం చెయ్యొద్దు."

"సరే మేడమ్. ఒకటడుగుతాను. ఒక్కసారి వచ్చి రెండోసారి రానివాళ్ళ గురించి మీరేమనుకుంటారు?"

"బాగయ్యి రాలేదేమో. బాగలేక రాలేదేమో. రానివాళ్ళు నాకొచ్చి చెప్పరు కదా!"

"అందుకే మేడమ్ నేనొచ్చింది" అని నవ్వాడు. ఆ నవ్వులో వెటకారం లేదు. నాకు కొంచెం నచ్చాడు.

అయినా చాలా వారాలు మా ఇద్దరిదీ చెరొక దారిగానే ఉండింది. నాకు ఒక్కొక్క మనిషీ ఒక్కొక్క కథ. నిన్న రాత్రి నిద్రపోయిందా, ఈ వారం అన్నం తిన్నాడా, ఇదే నా లోకం. అతనికి అందరూ కలిసి ఒక పటం. ఎవరు ఏ దిక్కు నుంచి వస్తున్నారు, ఎవరు ఆగిపోతున్నారు అని చూస్తాడు. నేను చెప్పే ఒక్కరి కథ అతనికి చాలదు, అతను చూపించే పటంలో నాకు మనుషులు కనపడరు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పుకున్నప్పుడు ఇద్దరం మర్యాదగా వాదించుకునేవాళ్ళం.

కొన్నాళ్ళకు అతనికొక లెక్క తేలింది. హిందూపురం వాళ్ళు హిందూపురం క్లినిక్కుకు ఒకసారి వచ్చి మానేస్తున్నారు. పెనుకొండలో పెనుకొండ వాళ్ళు బాగా తక్కువ. కానీ గుడిబండ వైపు వాళ్ళు మాత్రం ధర్మవరం దాకా కూడా తప్పకుండా వస్తున్నారు.

"మా మండలం వాళ్ళు చూడండి మేడమ్, ఎంత దూరం నుంచి వస్తాండారో!" అన్నాడు. సొంత ఊరి మీద అభిమానం దాచుకోలేకపోయాడు. పెనుకొండ క్లినిక్ మూసి, ఆ శుక్రవారం గుడిబండకు ఇస్తే బాగుంటుందని అతని ఆలోచన. ట్రస్టు వాళ్ళకు చెబితే వాళ్ళకూ నచ్చింది. ముందు ఆ పేషెంట్ల ఇళ్ళకు వెళ్ళి మాట్లాడి వస్తానని గుడిబండ బయలుదేరాడు.

రెండు రోజుల తర్వాత ఇద్దరం పెనుకొండకు పోవాల్సి వచ్చింది. ఆ రోజు రైలు ఆలస్యమంటే బస్సెక్కాం. దారంతా అతను పేషెంట్ల అడ్రసుల జాబితానే తిరగేస్తూ కూర్చున్నాడు. సోమందేపల్లిలో బస్సు కాసేపు ఆగితే దిగి, రోడ్డు పక్క అంగట్లో టీ తీసుకున్నాం. అప్పుడు చెప్పాడు.

"ఆ ఇండ్లు లేవు మేడమ్."

"ఏ ఇండ్లు?"

"గుడిబండలో మన పేషెంట్ల ఇండ్లు. ఆ వీధి లేదు. ఆ ఇంటిపేరుండేవాళ్ళు కూడా లేరు. మా మామ ఒకాయన ఆడ అంగడి పెట్టుకోనుండాడు. ఆయన్ని అడిగితే, 'అట్లాంటోళ్ళు ఈ ఊర్లో ఎవరూ లేరే, నువ్వు ఎవర్ని ఎతుక్కుంటా తిరగతాండావప్పా' అని నన్నే అనుమానంగా చూసినాడు."

నాకు నవ్వాగలేదు. చేతిలో టీ తొణికింది.

"ఇంటికి రావచ్చని వాళ్ళే చెప్పినారు మేడమ్. అందుకే పోయినా" అన్నాడు ఉక్రోషంగా.

"లేని ఇంటికి ఎవరొస్తే వాళ్ళకేమప్పా?"

అతను నవ్వలేదు. నా మొహంలోకి చూసి, "అంటే మీకు తెలుసా?" అన్నాడు.

"కొందరి సంగతి తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

నా నవ్వు ఆగిపోయింది. నా గదిలో ఒకరు చెప్పుకున్న మాట నా సొత్తు కాదు, ఇంకొకరికి ఇవ్వడానికి. ఆ మాటే అన్నాను.

"పేర్లు వద్దు మేడమ్. యాడోళ్ళో చెప్పండి చాలు."

"ఇవి చిన్న ఊళ్ళు. ఫలానా ఊరు, ఫలానా వయసు, ఫలానా వ్యాపారం అని చెబితే పేరు చెప్పినట్టే."

"అట్లయితే పెనుకొండ మూసేస్తారు. నేను చెప్పిందాన్ని నమ్మే మూసేస్తారు. అది తప్పని తెలిసి కూడా మీరు ఊరుకుంటారా?"

డ్రైవరు హారన్ కొట్టాడు. ఇద్దరం గ్లాసులు పెట్టేసి బస్సెక్కాం. కిటికీ అవతల ఎండిన వేరుశనగ చేలు వెనక్కి పోతున్నాయి. అతని మీద కోపం తెచ్చుకుందామని చూశాను గానీ రాలేదు. అతనన్నది నిజం. నాకు తెలిసిన సంగతి నాలోనే ఉంటే ఒక క్లినిక్ పోతుంది. దాన్ని నమ్ముకున్న మనుషులు మళ్ళీ ఇంట్లో తలుపులు వేసుకుంటారు. పెనుకొండ కొండ కనపడేసరికి ఒక నిర్ణయానికొచ్చాను.

"నేను చెప్పను. కానీ వాళ్ళను అడుగుతాను. ఒప్పుకుంటే వాళ్ళే నీకు చెబుతారు."

"వాళ్ళు ఒప్పుకోకపోతే?"

"ఒప్పుకోకపోతే లేదు."

సరేనని తలూపాడు.

నా మనసులో ఉన్నది ఒక అత్తా కోడలు. హిందూపురంలో కిరాణా హోల్‌సేల్ వ్యాపారం చేసే కుటుంబం. కోడలికి ఇరవై మూడో, నాలుగో. మొదటి కాన్పు, మగబిడ్డ. బిడ్డ పుట్టినప్పటి నుంచీ ఆ అమ్మాయికి నిద్ర లేదు. కారణం లేకుండా కన్నీళ్ళు కారేవి. "వీణ్ణి నేను సాకలేను, ఇంకెవరికన్నా ఇచ్చేయండి" అంటుండేది. అత్తే తలమీద కొంగు కప్పి నా దగ్గరికి నడిపించుకొచ్చింది. కాన్పు తర్వాత కొందరికి ఇలా అవుతుంది, తగ్గుతుంది అని చెప్పి మందులు రాసిచ్చాను. రెండోసారి రాలేదు. నెల గడిచాక ఒక గురువారం ధర్మవరంలో ఇద్దరూ బిడ్డతో సహా ప్రత్యక్షమయ్యారు. చీటీ రాసే అమ్మాయి ఏ ఊరని అడిగితే, అత్త "గుడిబండ" అంది. అని నా వైపు చూసింది. నేను తల వంచుకుని మందులు రాశాను. ఆ తర్వాత ఒక్క నెలా తప్పలేదు.

తర్వాతి గురువారం వాళ్ళొచ్చినప్పుడు, పరిశోధన చేసే అబ్బాయి సంగతీ, పెనుకొండ మూసేసే ఆలోచన సంగతీ దాచకుండా చెప్పాను. "మాట్లాడకపోయినా మీ వైద్యానికి ఏ లోటూ రాదు. ఇష్టమైతేనే" అన్నాను.

అత్త బిడ్డను ఇంకో భుజం మీదికి మార్చుకుంది. "మా ఇంటికి మాత్రం రావద్దని చెప్పమ్మా. ఈడ కూడా వద్దు, మేము చీరలు కొనే ఊరు. పెనుకొండలో అయితే మమ్మల్ని ఎరిగినోళ్ళు ఎవరూ లేరు. ఆడికొస్తాం" అంది. కోడలి వైపు తిరిగి, "ఏమ్మా, నీకు సమ్మతమేనా?" అనడిగింది. ఆ అమ్మాయి తలూపింది.

పెనుకొండ క్లినిక్ అంటే పాత ఇంట్లో రెండు గదులు, ముందర ఒక వరండా, అందులో రెండు బెంచీలు. ఆ శుక్రవారం జనం పల్చగా ఉన్నారు. అత్తాకోడళ్ళు వరండాలో కూర్చున్నారు. అతను ఎదుటి బెంచీ మీద కూర్చుని, తను ఎవరి బిడ్డో, ఏ పల్లెవాడో ముందుగా చెప్పుకున్నాడు. గుడిబండ అనగానే పెద్దావిడ ఉలిక్కిపడింది.

"మీ ఊరి పేరు వాడుకున్న్యాం, ఏమీ అనుకోవద్దప్పా" అంది.

"మంచిపనే చేసినారమ్మా. మా ఊరికి పేరొచ్చింది" అన్నాడు. కోడలి మొహం మీద చిన్న నవ్వు మెరిసింది.

దాంతో పెద్దావిడకు బెరుకు పోయింది. నేను గుమ్మంలో నిలబడి విన్నాను.

"మా అంగడి ముందర్నే కదప్పా హిందూపురం క్లినిక్కుకు దోవ. బోర్డు కూడా అంత పెద్దది పెట్టినారు. మొదటిసారి పోయినప్పుడు మా ఖాతాదారులు చూసినారు. సాయంత్రానికే మా ఆడబిడ్డ ఫోన్ చేసి, 'ఏం వదినా, కోడలికి మతి చలించిందంట కదా' అనింది. ఇంగ రెండోసారి ఎట్ల వచ్చేది? ధర్మవరమయితే చీరలకు పోతాండామని చెప్తాం. ఉత్త చేతుల్తో వస్తే బాగుండదని ఒకామె ఇంట్లో రవిక గుడ్డో, చీరో కొనుక్కోని వస్తాం. వాళ్ళింట్లోనే నేస్తారు. ఆయమ్మ శానా మంచిది, బిడ్డకు కాంచిన నీళ్ళు పోసిస్తాది..."

అంతలో మెట్ల మీద అలికిడైంది. తల వంచుకుని ఒక మగమనిషి, వెనకే అతని భార్య. ధర్మవరం నుంచి వచ్చే నేతపని వాళ్ళు, నా పాత పేషెంట్లు. ఆమె వరండాలోకి అడుగుపెట్టి, పెద్దావిడను చూసి అక్కడే నిలబడిపోయింది. రవిక గుడ్డలు అమ్మేది ఈమేనని చెప్పకుండానే అందరికీ అర్థమైపోయింది.

నేతామె చెయ్యి కొంగు మీదికి పోయింది, మొహం కప్పుకుందామని. ఏమనుకుందో, మధ్యలోనే వదిలేసింది. ఏదో ఒకటి అనాలి కాబట్టి అలవాటైన మాటే నోటికొచ్చింది.

"చీరలకొచ్చినారా అమ్మా?"

పెనుకొండలో, మా క్లినిక్ వరండాలో చీరలెక్కడివి! ఎవరూ నవ్వలేదు. పెద్దావిడ కోడలి భుజం మీద చెయ్యి వేసింది.

"లేదమ్మా. కోడలికి మందులకు."

బయటి మనిషితో ఆమె ఆ మాట అనడం అదే మొదటిసారి అయ్యుంటుంది. అన్నాక తేలిగ్గా ఊపిరి వదిలింది.

"మేమూ అంతే. ఈయనకు" అంది నేతామె. వచ్చి ఆ బెంచీ మీదే కూర్చుని, అడక్కుండానే బిడ్డను ఒళ్ళోకి తీసుకుంది. ఆమె భర్త కూర్చోవడానికి చోటిచ్చి, మా పరిశోధకుడు లేచి నిలబడ్డాడు. నేను ఎవర్నీ లోపలికి పిలవలేదు. పిలిస్తే ఆ మాటలు తెగిపోతాయి.

"మగ్గం కాడ కూర్చుంటాడమ్మా, కాలాడదు, చెయ్యాడదు. పొద్దంతా అట్లే చూస్తా ఉంటాడు" అని నేతామె చెప్పుకొచ్చింది. "మా వీధిలో తెలిస్తే మాకు నేసేదానికి పట్టు ఇచ్చేవాళ్ళు ఇంగొకరికి ఇచ్చేస్తారు. అందుకని ఈడికొస్తాండాం. ఈ ఊర్లో మాకు ఎవరూ లేరు, అదే నిమ్మళం."

"ఇప్పుడు పర్వాలేదు. అంచు నేస్తాండా" అన్నాడాయన, నేల చూస్తూనే.

ఆ దంపతులు కూడా తమ సంగతి చెప్పడానికి ఒప్పుకున్నారు. పరిశోధకుడు అందరినీ ఒక ప్రశ్న అడిగాడు. "బోర్డు తీసేస్తే, ఎవరి ఊర్లో వాళ్ళు వస్తారా?"

"బోర్డు తీస్తే జనం నోళ్ళు మూత పడతాయా అప్పా?" అంది పెద్దావిడ.

"ముందు మందు కావల్ల. ధైర్యం నిదానంగా వస్తాది. అంతవరకు మమ్మల్ని ఇట్లే రానియ్యండి" అంది నేతామె.

నాకు ఆ రోజుకు అది చాలనిపించింది. అతనికి చాల్లేదు. నన్ను లోపలికి పిలిచి మెల్లిగా అన్నాడు: "ఇంతసేపూ అత్త మాట్లాడింది. ఆ అమ్మాయి నోరు తెరవలేదు. ఆమెతో వేరుగా మాట్లాడతాను మేడమ్."

"ఇప్పుడిప్పుడే తేరుకుంటోంది. ఏదైనా అడిగి ఏడిపిస్తావేమో. నేను కూడా ఉంటాను."

"మీరుంటే డాక్టర్‌కు చెప్పేదే చెబుతుంది."

అది కూడా నిజమే. చివరికి, తలుపు తీసి ఉంచాలి, నేను కనపడేంత దూరంలో, వినపడనంత దూరంలో ఉండాలి, ఆమె ఎప్పుడు వద్దంటే అప్పుడు ఆపెయ్యాలి అని ఒప్పందం చేసుకున్నాం. ఆ అమ్మాయినడిగితే సరేనంది. కాసేపటికి తనే నన్ను చెయ్యి ఊపి పిలిచింది. "మేడమ్ కూడా వింటే మంచిది" అంది.

"హిందూపురంలో జనం చూస్తారని మా అత్తకు భయం. నాకదేం లేదు మేడమ్. నాకు దూరం కావల్ల. రైల్లో బిడ్డను అత్త ఎత్తుకుంటాది. నేను కిటికీ కాడ కూర్చుంటా. పాలు తాగినాడా, నిద్రపోయినాడా, ఎందుకు ఏడుస్తాండాడు అని ధర్మవరం వచ్చేదాకా నన్ను ఎవ్వరూ అడగరు. హిందూపురంలో అయితే ఇంట్లోంచి నడిచి మీ కాడికొస్తా, మళ్ళీ నడిచి ఇంట్లోనే ఉంటా. మందు మారిస్తే మార్చండి మేడమ్, ఊరు మాత్రం మార్చొద్దు."

ప్రతి నెలా ఆమె నిద్ర గురించి, ఆకలి గురించి, ఏడుపు గురించి అడిగి తెలుసుకుంటూనే ఉన్నాను. రైలు గురించి అడగాలని ఏ పుస్తకంలోనూ లేదు. అతను అడిగింది కూడా సూటిగా దాని గురించి కాదట. "ఇంటి దగ్గర బయలుదేరినప్పటి నుంచి మళ్ళీ ఇల్లు చేరేదాకా ఏమేం జరుగుతుందో చెప్పమ్మా" అన్నాడట, అంతే. సాయంత్రం దాకా అదే ఆలోచించాను. ఆమె కోలుకోవడంలో నా మందుల వాటా ఎంతో, కిటికీ వాటా ఎంతో!

ఆ సాయంత్రం వాళ్ళు వెళ్ళేముందు పెద్దావిడతో మాట్లాడాను. రోజూ కాసేపు బిడ్డను మీరు తీసుకోండి, ఆ సేపు ఆ పిల్లను ఎవరూ ఏమీ అడక్కండి, మిద్దె మీద కూర్చుంటుందో, పడుకుంటుందో ఆమె ఇష్టం అన్నాను. ఆమె నొచ్చుకుంటుందేమో అనుకున్నాను.

"అంతేనా? ఆ మాట నాకు చెప్పరాదా దీనికి!" అని కోడలి వీపు మీద మెల్లిగా ఒకటి వేసింది. "నాకు కాన్పయినప్పుడు మా అత్త నన్ను గడప దాటనియ్యలేదు. అప్పుడు నేనెట్లున్నానో నన్ను కూడా ఎవరూ అడగలేదు" అంది. ఆ చివరి మాట అన్నప్పుడు ఆమె మా ఎవరి వైపూ చూడలేదు.

ఆ తర్వాత అతను మూడు ఊళ్ళలోనూ అదే పద్ధతిలో మాట్లాడుతూ పోయాడు. ముందు నేను అడగడం, వాళ్ళు సరేనంటే, వాళ్ళు చెప్పిన చోట అతను కలవడం. కొందరు వద్దన్నారు, వదిలేశాం. ట్రస్టు సమావేశానికి ఇద్దరం కలిసే వెళ్ళాం.

"దగ్గర్లో ఉంటే రారు, దూరంగా ఉంటే వస్తారు అంటే ఎవరు నమ్ముతారయ్యా?" అన్నాడు ట్రస్టు పెద్దాయన.

"అందరూ అట్లా కాదు సార్. నంబులపూలకుంట వైపు నుంచి బస్సులు మారి వచ్చే ముసలివాళ్ళు, కూలి మానుకుని వచ్చేవాళ్ళు దగ్గర్లోనే కావాలంటున్నారు. టౌన్లలో అంగళ్ళు, మగ్గాలు ఉన్నవాళ్ళు పక్క ఊరు కావాలంటున్నారు. పెనుకొండలో దిగేవాళ్ళు పెనుకొండ వాళ్ళు కాదు కాబట్టి అది ఖాళీగా ఉందనుకున్నాం. నేనే అట్లా చెప్పినాను. అది సరి కాదు" అన్నాడతను, ఏ మాటా మింగకుండా.

పెద్దాయన నా వైపు చూశాడు. ఎవరి పేరూ ఎత్తకుండా, ఎవరి ఆనవాలూ తెలియకుండా, శుక్రవారం వరండాలో కూర్చునేవాళ్ళకు ఆ చోటు ఎందుకు అవసరమో చెప్పాను. వాదన చాలాసేపు నడిచింది. ఖర్చు సంగతి వచ్చింది. చివరికి పెనుకొండ ఉంచడానికి ఒప్పుకున్నారు. మూడింట్లో ఎక్కడ చూపించుకున్నా మిగతా రెండు చోట్లా మందులు దొరికేలా చేశారు. ఊరు, వీధి చెప్పమని ఎవర్నీ ఒత్తిడి చేయొద్దన్నారు. హిందూపురంలో అదే గదిలో బీపీ, షుగరు చూడడం కూడా మొదలుపెట్టాం. లోపలికి వచ్చేవాళ్ళు దేనికొచ్చారో ఇప్పుడు రోడ్డు మీద పోయేవాళ్ళకు తెలియదు. గుడిబండకు మాత్రం ఏమీ రాలేదు. అతనికి ఆ బాధ ఉంది.

పిల్లవాడు గోడ పట్టుకుని నడిచేనాటికి ఆ అమ్మాయి మందులు మెల్లిమెల్లిగా తగ్గించి ఆపేశాం. ఇప్పుడు మధ్యాహ్నం పూట అంగట్లో కూర్చుంటోందట. నేతాయనకు అంత తేలిక కాలేదు. మొన్న చలికాలంలో మళ్ళీ మగ్గం మీద చెయ్యి ఆగిపోయింది. ఈసారి భార్య నెలలు గడవనివ్వలేదు, ఆ వారమే తీసుకొచ్చింది. మెల్లిగా మళ్ళీ పనిలో పడ్డాడు. పెద్దావిడ ఒక శుక్రవారం తన వీధిలోనే ఉండే ఇంకొకావిడను వెంటబెట్టుకొచ్చి, "ఈమెను కూడా చూడమ్మా. నేనే చెప్పినా, ఏం కాదు రా అని" అంది. చీటీ రాసే అమ్మాయి ఏ ఊరని అడగలేదు.

ఆ పని ముగిశాక అతను బెంగళూరు వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. ఈమధ్య ధర్మవరంలో ఓపీ అయ్యాక, చేతులు కడుక్కుంటుంటే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మేడమ్, తనంతట తనే ఒంటరిగా వచ్చిన మగవాణ్ణి మీరెప్పుడన్నా చూసినారా? భార్యో, తల్లో పట్టుకురాకుండా?"

గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. ఒక్కరి మొహం కూడా వెంటనే తట్టలేదు.

"ఎందుకు రారో కనుక్కుందామా?" అన్నాడు.

"కనుక్కుందాం. కానీ ఈసారి ఏం అడగాలో, ఎలా అడగాలో మొదట్లోనే ఇద్దరం కూర్చుని తేల్చుకుందాం" అన్నాను.

టీకొట్ల దగ్గర అడుగుదామని అతనంటాడు. నలుగురిలో అడిగితే ఏ మగవాడూ నిజం చెప్పడని నేనంటాను. ప్రస్తుతం ఆ పని మీదే ఉన్నాం. మొదటి ప్రశ్న దగ్గరే ఇంకా పోట్లాడుకుంటున్నాం.